డేటోనా ట్విన్ లింకు మరమ్మతు: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మొదటి వారాంతం

డల్లాస్ శివారులోని మా ఇంటి గరాజులో ఇప్పుడు ఉన్నది సెగా సంస్థ 1994లో ఆర్కేడ్‌లకు, అంటే డబ్బు వేసి వీడియో ఆటలు ఆడే కేంద్రాలకు, విడుదల చేసిన డేటోనా యూఎస్ఏ అనే కారు పందెం ఆట ట్విన్ క్యాబినెట్. పక్కపక్కనే రెండు సీట్లు, రెండు తెరలు, రెండు స్టీరింగులు ఉండటం వల్ల చూసేవారికి అది ఒకే యంత్రంలా కనబడుతుంది గాని, లోపల ఉన్నవి రెండు వేరువేరు యంత్రాలు. ఎడమ సీటుకు సెగా మోడల్ 2 అనే ఆర్కేడ్ కంప్యూటరు బోర్డుల దొంతర ఒకటి, కుడి సీటుకు మరొకటి ఉన్నాయి. ఒక్కొక్కదానికి 25 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఇంటెల్ ఐ960 ప్రాసెసరు, సొంత సౌండ్ బోర్డు, స్టీరింగుకు ఎదురుబలం ఇచ్చే సొంత డ్రైవ్ బోర్డు ఉన్నాయి. ఈ రెండిటినీ ఒకే పందెంలోకి తీసుకువచ్చేవి ఒక్కొక్క దొంతరకు బిగించిన కమ్యూనికేషన్ బోర్డు, ఆ బోర్డుల మధ్య నడిచే రెండు ఆప్టికల్ కేబుళ్ళు మాత్రమే.

యంత్రం నా చేతికి వచ్చేటప్పటికే రెండు సీట్లనూ కలిపే ఈ లింకు సరిగా లేదు. విడివిడిగా నడిపితే రెండు సీట్లూ చక్కగా ఆడుతున్నాయి. కలిపి నడిపితే కొన్నిసార్లు తెర మీద నెట్‌వర్క్ చెకింగ్ అనే సందేశం దగ్గరే ఆగిపోతున్నాయి, మరికొన్నిసార్లు కలిసి, కొంతసేపు ఆడాక విడిపోతున్నాయి. లోపం ఎప్పుడూ ఒకే తీరుగా కనబడకపోతే దాని వెనుక ఒకటి కంటే ఎక్కువ కారణాలు ఉన్నాయని అనుమానించడం న్యాయం. అందువల్ల ఏ భాగాన్నీ విప్పకముందు, ఒక్కొక్క కారణాన్నీ విడదీసి రుజువు చేసుకునే క్రమాన్ని కాగితం మీద రాసుకున్నాను: ముందు సెట్టింగులు, తర్వాత కేబుళ్ళు, ఆ తర్వాత విద్యుత్తు, చివరన మాత్రమే బోర్డు. బోర్డును చివరకు ఉంచడానికి కారణం స్పష్టం. ముప్పై ఏళ్ళు దాటిన బోర్డును అనవసరంగా ఊడదీసి బిగిస్తే లేని లోపాన్ని కొనితెచ్చుకున్నట్లే అవుతుంది.

పాత పిక్చర్ ట్యూబు తెరలు ఉన్న క్యాబినెట్ కాబట్టి, వెనుక తలుపు తెరిచే ప్రతిసారీ ప్లగ్గు గోడ నుండి పూర్తిగా తీసిన తర్వాతనే చెయ్యి లోపలికి పెడుతున్నాను. విద్యుత్తు ఉండగా కొలవవలసి వచ్చినప్పుడు తెర వెనుక భాగానికి దూరంగా, ఒంటి చేత్తో మాత్రమే పని చేస్తున్నాను. ఈ పని చేయదలచిన వారెవరైనా ఈ నియమాన్ని సడలించకూడదు.

అదే వారం, రాత్రుళ్ళు: లింకు నడిచే తీరు

పరికరాలు పట్టుకోకముందు, ఈ లింకు ఏ పద్ధతిలో నడుస్తుందో పూర్తిగా అర్థం చేసుకోవాలనుకున్నాను. అలా వెచ్చించిన సమయమే తర్వాతి పనినంతా తేలిక చేసింది.

అనేక యంత్రాలను కలిపి ఎనిమిది మంది ఒకే పందెంలో పాల్గొనే వీలు 1987లో నామ్‌కో సంస్థ ఫైనల్ ల్యాప్ అనే ఆటతో తెచ్చింది. సెగా 1992లో మోడల్ 1 బోర్డు మీద విడుదల చేసిన వర్చువా రేసింగ్‌లోనూ, దాని తర్వాతి డేటోనాలోనూ యంత్రాల మధ్య సమాచారాన్ని రాగి తీగ మీద కాకుండా ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబరులో ఎర్రని కాంతిగా పంపే పద్ధతిని వాడింది. ఇది మంచి నిర్ణయమని నేను నమ్ముతున్నాను. స్టీరింగు మోటార్లు, రెండు పెద్ద తెరలు, వేరువేరు విద్యుత్ సరఫరాలు ఉన్న చోట రాగి తీగతో బోర్డులను కలిపితే ఒకదాని గ్రౌండు నుండి మరొకదాని గ్రౌండుకు అక్కరలేని విద్యుత్తు పారుతుంది, మోటారు రొద సంకేతంలో కలుస్తుంది. కాంతితో ఆ బెడద ఉండదు.

ఒక్కొక్క కమ్యూనికేషన్ బోర్డు మీద రెండు ఆప్టికల్ సాకెట్లు ఉంటాయి: ఒకటి పంపేది, మరొకటి అందుకునేది. ఇవి ఇళ్ళలో టీవీ నుండి స్పీకర్లకు డిజిటల్ శబ్దాన్ని తీసుకువెళ్ళే తోషిబా టోస్‌లింక్ కుటుంబానికి చెందినవే. యంత్రాలన్నిటినీ ఒక వలయంగా కలపాలి. మొదటిదాని పంపే సాకెట్టు రెండవదాని అందుకునే సాకెట్టుకు, రెండవదాని పంపే సాకెట్టు మూడవదానికి, అలా సాగి చివరిదాని పంపే సాకెట్టు మళ్ళీ మొదటిదానికి చేరాలి. రెండే సీట్లు ఉన్న ట్విన్‌లో కూడా ఇది వలయమే, కాకపోతే అతి చిన్న వలయం.

వలయంలో ఒక్క సీటు మాత్రమే మాస్టర్, మిగిలినవన్నీ స్లేవ్‌లు. ఆన్ చేయగానే మాస్టర్ ఒక సంఖ్యతో కూడిన చిన్న సమాచారపు పొట్లాన్ని పంపుతుంది. దాన్ని అందుకున్న స్లేవ్ తన స్థానాన్ని గుర్తించి, సంఖ్యను ఒకటి పెంచి తర్వాతి సీటుకు పంపుతుంది. పొట్లం తిరిగి మాస్టర్‌కు చేరినప్పుడు అందులో ఉన్న సంఖ్యను బట్టి వలయంలో ఎన్ని సీట్లు ఉన్నాయో మాస్టర్‌కు తెలుస్తుంది. ఆ మొత్తాన్ని అది మళ్ళీ అందరికీ పంపాకే ఆట మొదలవుతుంది. పొట్లం తిరిగి రానంతవరకూ ఎవరూ ముందుకు కదలరు.

ఈ ఒక్క విషయం నుండి ముఖ్యమైన పర్యవసానాలు చాలా వస్తాయి. వలయంలో ఎక్కడ తెగినా సీట్లన్నీ ఒకే సందేశం దగ్గర ఆగుతాయి కాబట్టి తెర మీద కనబడే సందేశం లోపం ఎక్కడుందో చెప్పదు. ఒక సీటు ఆఫ్‌లో ఉన్నా, సెట్టింగులు మార్చే టెస్ట్ మెనూలో ఉన్నా వలయం తెగినట్లే. ఇద్దరు మాస్టర్లు ఉన్నా, ఒక్క మాస్టర్ కూడా లేకపోయినా వలయం ఏర్పడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఏ సీటైనా తనకు అందిన దాన్ని మాత్రమే ఎరుగును, తాను పంపినది అవతలకు చేరిందో లేదో దానికి నేరుగా తెలిసే మార్గం లేదు. అందువల్ల లోపాన్ని వెతకవలసినది పంపే వైపు నుండి కాదు, అందుకునే వైపు నుండి. అదీ మాస్టర్ దగ్గర మొదలుపెట్టి కాంతి పారే దిశలోనే. వరి మడుల్లో పై మడి నుండి కింది మడికి నీరు పారేటప్పుడు ఎండిన మొదటి మడి దగ్గర గట్టును చూస్తాం గాని, దాని కింద ఎండిన మడులన్నిటి గట్లనూ తవ్వం కదా, ఇదీ అంతే.

ఫిబ్రవరి, రెండవ శనివారం: సెట్టింగులు

టెస్ట్ మెనూలోకి వెళ్ళి రెండు సీట్ల లింక్ ఐడీ, అంటే వలయంలో ఒక్కొక్కదాని పాత్ర, చూశాను. ఎడమది మాస్టర్, కుడిది స్లేవ్ అని ఉన్నాయి. కారు సంఖ్యలు వేరువేరుగా ఉన్నాయి, క్యాబినెట్ రకం రెండింటిలోనూ ట్విన్ అని ఉంది. అన్నీ సవ్యంగానే ఉన్నట్లు తోచినా, యంత్రాన్ని ఆపి, రాత్రంతా వదిలి, ఉదయం మళ్ళీ చూశాను. కుడి సీటులో లింక్ ఐడీ సింగిల్‌గా, అంటే లింకు లేని ఒంటరి సీటుగా, మారిపోయి ఉంది.

సెట్టింగులు, రికార్డు సమయాలు బోర్డు మీద బ్యాటరీతో నిలబడే మెమరీలో ఉంటాయి. ఆ బ్యాటరీ నీరసించిపోతే కొద్ది నిమిషాలు ఆపి ఆన్ చేసినప్పుడు సెట్టింగులు నిలుస్తాయి, గంటల తరబడి ఆపితే పోతాయి. ఒకోసారి లింకు కలవడం, ఒకోసారి కలవకపోవడం అనే లక్షణంలో కొంత భాగం దీనివల్లనే. కుడి బోర్డు బ్యాటరీ వోల్టేజి దానిపై ముద్రించిన విలువలో సగం కూడా లేదు. రెండు బోర్డులకూ ఒకేసారి కొత్త బ్యాటరీలు వేశాను, ఎందుకంటే ఒకే వయసున్న రెండవది కూడా ఎక్కువ కాలం నిలవదు. సెట్టింగులు తిరిగి పెట్టి, రెండు సీట్లనూ కలిపే ఆపి, కలిపే ఆన్ చేశాను. లింకుకు సంబంధించిన ఏ మార్పు తర్వాతనైనా యంత్రాలన్నిటినీ ఇలా ఒకేసారి ఆన్ చేయాలి. ఒకదాన్ని ముందు, మరొకదాన్ని ఆలస్యంగా ఆన్ చేసి వచ్చిన ఫలితం మీద ఏ నిర్ణయానికీ రాకూడదు.

సెట్టింగులు ఇప్పుడు నిలుస్తున్నాయి. లింకు మాత్రం ఇంకా నిలవడం లేదు. అయితే లోపం ఇప్పుడు ఒక తీరుకు వచ్చింది: చల్లగా ఉన్నప్పుడు ఎక్కువసార్లు కలుస్తోంది, వేడెక్కాక విడిపోతోంది.

మరుసటి ఆదివారం: కేబుళ్ళు

ఆప్టికల్ కేబుళ్ళను పరీక్షించడానికి ఖరీదైన పరికరం ఏదీ అవసరం లేదు. ఈ ఫైబరు మధ్యభాగం దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉన్న పారదర్శక ప్లాస్టిక్. అందులో పారే కాంతి కంటికి కనబడే ఎరుపు, సుమారు 660 నానోమీటర్లది. కేబుల్ ఒక కొసను టార్చి ముందు పెట్టి రెండవ కొసను చూస్తే గుండ్రని, సమానమైన కాంతి చుక్క కనబడాలి. ఈ రకం ఫైబరులో మీటరుకు పోయే కాంతి చాలా తక్కువ కాబట్టి, రెండు మీటర్ల కేబుల్లో కంటికి తెలిసేంత మసక కనబడితే ఆ నష్టం పొడవు వల్ల వచ్చినది కాదు. కొసల దగ్గరగాని వంపు దగ్గరగాని వచ్చినది.

ఎడమ నుండి కుడికి వెళ్ళే కేబుల్ బాగుంది. కుడి నుండి ఎడమకు తిరిగి వచ్చే కేబుల్లో చుక్క మసకగా, ఒక పక్క చీకటిగా ఉంది. కేబుల్ దారిని వెతుకుతూ వెళ్తే, బోర్డుల దొంతరను కప్పి ఉంచే లోహపు షీల్డ్ పెట్టె అంచు మీదుగా దాన్ని పదునుగా మడిచి, ప్లాస్టిక్ టై ఒకటి బలంగా బిగించి ఉంది. ఇలాంటి ఫైబరును 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువుగా వంచకూడదు. వంపు అంతకంటే బిగువైతే కాంతి లోపల ప్రతిఫలించకుండా బయటకు జారిపోతుంది, ఏళ్ళ తరబడి అలాగే ఉంటే ప్లాస్టిక్ శాశ్వతంగా నలిగిపోతుంది. టై తీసి, కేబుల్‌ను సాఫు చేసినా చుక్క మెరుగుపడలేదు.

దాని స్థానంలో శబ్ద పరికరాల కోసం అమ్మే సాధారణ టోస్‌లింక్ కేబుల్ వేశాను. చతురస్రాకారపు మూతి ఉన్న ప్లగ్గు అయితే ఈ సాకెట్టులో సరిగ్గా కూర్చుంటుంది. ల్యాప్‌టాప్‌లలో వాడే సన్నని గుండ్రని మినీ ప్లగ్గు పనికిరాదు. లావు లోహపు తొడుగు ఉన్న ప్లగ్గులు చూడటానికి దృఢంగా ఉన్నా, పక్కపక్కనే ఉన్న సాకెట్లలో ఒకదానికొకటి అడ్డుపడి ఏదో ఒకటి పూర్తిగా లోపలికి వెళ్ళదు. పైగా వాటి బరువు సాకెట్టు మీద పడుతుంది. ఇంత తక్కువ దూరానికి ఖరీదైన కేబుల్ కొనడం వృథా అని నా అభిప్రాయం. తేలికైన ప్లాస్టిక్ ప్లగ్గు, టిక్కుమని కూర్చునే పట్టు ఉంటే చాలు.

కొసలను శుభ్రం చేసేటప్పుడు ముందు నూగు రాలని పొడిగుడ్డతోనే తుడవాలి. ఈ ప్లాస్టిక్ మీద ఆల్కహాల్ ఎక్కువసేపు నిలిస్తే సన్నని పగుళ్ళు ఏర్పడే ప్రమాదం ఉంది కాబట్టి, జిడ్డు వదలనప్పుడు మాత్రమే గుడ్డను కొద్దిగా తడిపి ఒక్కసారి తుడిచి ఆరబెట్టాలి. సాకెట్ల లోపల పేరుకున్న దుమ్మును గాలి బుడ్డితో ఊదాను.

కొత్త కేబుల్‌తో లింకు ప్రతిసారీ కలుస్తోంది. బిగినర్ కోర్సు అయిన త్రీ సెవెన్ స్పీడ్‌వేలో మా పిల్లలిద్దరూ పందెం తర్వాత పందెం ఆడారు. అయితే దాదాపు గంట గడిచాక లింకు మళ్ళీ తెగింది.

ఫిబ్రవరి చివరి వారం: పాత్రలు మార్చి చూడటం

వేడెక్కాక తెగే లింకులో దోషం ఏ వైపున ఉందో తెలుసుకోవడానికి నాకు బాగా ఉపయోగపడిన ఉపాయం ఇది: కేబుళ్ళను ముట్టకుండా, సెట్టింగులలో మాస్టర్‌ను, స్లేవ్‌ను తారుమారు చేయడం.

లింకు తెగిన స్థితిలో యంత్రాన్ని మళ్ళీ ఆన్ చేసినప్పుడు మాస్టర్ అయిన ఎడమ సీటు పొట్లాలు పంపుతూనే ఉంటుంది. కుడి సీటు అందుకునే సాకెట్టు నుండి ప్లగ్గును కొద్దిగా లాగి చూస్తే ఎర్రని కాంతి కనబడింది. అంటే ఎడమ సీటు పంపుతోంది, కేబుల్ మోస్తోంది. ఎడమ సీటు అందుకునే వైపు చూస్తే చీకటి. ఇక్కడ తొందరపడి కుడి సీటు పంపే సాకెట్టు చెడిపోయిందని తీర్పు చెప్పకూడదు. స్లేవ్ తనకు అర్థమైన పొట్లాన్నే ముందుకు పంపుతుంది కాబట్టి, దానికి అందేదే సరిగా లేకపోతే దాని పంపే వైపు ఆరోగ్యంగా ఉన్నా మౌనంగానే ఉంటుంది. అందుకే కుడి సీటును మాస్టర్‌గా, ఎడమను స్లేవ్‌గా మార్చి ఆన్ చేశాను. ఇప్పుడు కుడి సీటు పంపే సాకెట్టు నుండి కాంతి చక్కగా వచ్చింది, ఎడమ సీటు దాన్ని అందుకొని తిరిగి పంపింది కూడా. కుడి సీటు మాత్రం తనకు తిరిగి వచ్చిన దాన్ని గుర్తించలేదు.

దీనితో విషయం తేటపడింది. ఎడమ బోర్డు రెండు పనులూ చేస్తోంది, కుడి బోర్డు పంపగలుగుతోంది, కేబుళ్ళు రెండూ బాగున్నాయి. వేడెక్కాక విఫలమవుతున్నది కుడి బోర్డు అందుకునే వైపు ఒక్కటే. ఒక్క స్క్రూ కూడా విప్పకుండా అనుమానాన్ని ఒకే సాకెట్టు, దాని చుట్టూ ఉన్న కొన్ని భాగాల వరకు కుదించగలిగాను.

మార్చి, మొదటి వారాంతం: విద్యుత్తు

అందుకునే సాకెట్టులో కాంతిని తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న సర్క్యూటు ఉంటుంది. నా బోర్డు మీద ఉన్నది తోషిబా టీఓఆర్ఎక్స్173. దానికి కావలసినది 5 వోల్టులు, 4.75 కంటే తగ్గకూడదు, 5.25 దాటకూడదు. విద్యుత్ సరఫరా పెట్టె దగ్గర కొలిస్తే కుడి వైపు 5.04 వోల్టులు చూపింది. అక్కడితో ఆగిపోతే విద్యుత్తులో లోపం లేదనే అనిపిస్తుంది. కాని కొలవవలసింది సరఫరా దగ్గర కాదు, వాడుక దగ్గర. కమ్యూనికేషన్ బోర్డు మీద ఒక చిప్పు పిన్నుల మధ్య, యంత్రం గంటసేపు నడిచాక కొలిస్తే 4.71 వోల్టులు మాత్రమే వచ్చింది. ఎడమ బోర్డు మీద అదే చోట 4.96 ఉంది.

మధ్యలో పోయిన ఆ మూడవ వంతు వోల్టు ఎక్కడ పోయిందో దశలవారీగా కొలుచుకుంటూ వెళ్తే, షీల్డ్ పెట్టెకు విద్యుత్తు వచ్చే కనెక్టరు దగ్గర దొరికింది. 5 వోల్టుల పిన్నులు నల్లబడి, వాటి చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంది. మోడల్ 2 దొంతర 5 వోల్టుల మీద ఎక్కువ విద్యుత్తు తీసుకుంటుంది. పట్టు వదులైన పిన్ను దగ్గర నిరోధం కొద్దిగా పెరిగినా అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి లోహం మరింత తుప్పు పడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు కలిసి, వేడెక్కాక తెగే లక్షణం ఇలాంటి చోటు నుండే రావడం సహజం.

ఇక్కడ చాలామంది సరఫరా పెట్టె మీది చిన్న మర తిప్పి వోల్టేజిని పెంచుతారు. నేను ఆ మార్గాన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. పిన్ను దగ్గర పుట్టే వేడి అలాగే ఉంటుంది సరికదా, ఏదో ఒక రోజు ఆ పిన్ను కదిలి పట్టు కుదిరిన క్షణాన బోర్డంతటికీ ఎక్కువ వోల్టేజి పోతుంది. ఈ బోర్డుల మీది చిప్పులు మళ్ళీ తయారయ్యేవి కావు. కనెక్టరు పిన్నులను, దాని జత తొడుగును పూర్తిగా మార్చాను, తీగ కొసలు నల్లబడినంత మేర కత్తిరించి కొత్త పిన్నులను బిగింపు పనిముట్టుతో నొక్కాను. ఇప్పుడు గంట తర్వాత కూడా చిప్పు దగ్గర 4.97 వోల్టులు ఉంటోంది.

లింకు మునుపటి కంటే చాలా ఎక్కువసేపు నిలుస్తోంది. అయినా క్యాబినెట్ వెనుక వైపు చేత్తో తడితే ఒకోసారి తెగుతోంది. వేడి సమస్య పోయి, కదలిక సమస్య బయటపడింది.

మార్చి, రెండవ వారాంతం: బోర్డు

తడితే తెగే లోపం అంటే దాదాపు ఎప్పుడూ పట్టు వదిలిన అతుకే. ఇక బోర్డును బయటకు తీయక తప్పలేదు. స్థిర విద్యుత్తు తగలకుండా మణికట్టుకు పట్టీ కట్టుకొని, కమ్యూనికేషన్ బోర్డును కింది బోర్డు నుండి అన్ని మూలలా సమంగా లేపి తీశాను. ఒక మూలనే లేపితే పొడవాటి కనెక్టరు పిన్నులు వంగుతాయి.

భూతద్దం కింద చూస్తే అందుకునే సాకెట్టు పిన్నుల చుట్టూ ఉన్న సీసపు (సోల్డరు) అతుకుల్లో రెండింటి చుట్టూ సన్నని వృత్తాకారపు చీలిక కనబడింది. దీని వెనుక ఉన్న కారణం ఆలోచించదగినది. కేబుల్ ప్లగ్గును తోసిన ప్రతిసారీ, లాగిన ప్రతిసారీ ఆ బలమంతా సాకెట్టు ద్వారా దాని పిన్నుల మీద, అక్కడి నుండి అతుకుల మీద పడుతుంది. ఆర్కేడ్‌లో యంత్రాలను అటూ ఇటూ మార్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ కేబుళ్ళను ఊడదీసి పెడుతూనే ఉంటారు. ముప్పై ఏళ్ళ అలాంటి తోపులకు అతుకు చీలడంలో ఆశ్చర్యం లేదు. ఒక పిన్ను 5 వోల్టులది, రెండవది సంకేతం బయటకు వచ్చేది.

పాత సీసాన్ని పీల్చి తీసి, అతుకు బాగా పట్టేలా చేసే ఫ్లక్సు రాసి, కొత్తగా అతికాను. పక్కనే ఉన్న పంపే సాకెట్టు అతుకులు పైకి బాగానే కనబడినా వాటినీ తిరిగి అతికాను, ఎడమ బోర్డును కూడా అదే విధంగా చేశాను. అందుకునే సాకెట్టుకు విద్యుత్తు ఇచ్చే దారిలో ఒక చిన్న ఇండక్టరు, దగ్గరగా ఒక కెపాసిటరు ఉంటాయి. అవి సరఫరాలోని రొదను ఆపుతాయి కాబట్టి వాటి అతుకులను కూడా పరిశీలించాను. ప్రోగ్రాము చిప్పును సాకెట్టు నుండి తీసి, నల్లబడిన కాళ్ళను మృదువుగా తుడిచి, తిరిగి కూర్చోబెట్టాను.

బోర్డును బిగించాక, అందుకునే సాకెట్టు సంకేతపు పిన్ను మీద, విద్యుత్ సంకేతాన్ని గీతగా చూపే ఆసిలోస్కోపు పెట్టి చూశాను. పొట్లాలు వచ్చినప్పుడు అంచులు నిటారుగా, అడుగు నుండి పైకి పూర్తి ఎత్తున ఉన్నాయి. క్యాబినెట్ వెనుక గట్టిగా తట్టినా ఆసిలోస్కోపు తెర మీది గీతలో మార్పు లేదు. ఆ సాయంత్రం నుండి రెండు సీట్ల మధ్య లింకు ఒక్కసారి కూడా తెగలేదు.

ఏప్రిల్: నాలుగు సీట్ల వలయం

డల్లాస్ దగ్గరి ప్లేనోలో ఉండే మిత్రుడి దగ్గర కూడా ఒక డేటోనా ట్విన్ ఉంది. రెండిటినీ కలిపి నలుగురం ఆడాలన్నది మా ఇద్దరి చిరకాల కోరిక. ట్రక్కులో తెచ్చిన యంత్రాన్ని గరాజులో నా దాని పక్కన నిలబెట్టాం.

కలపక ముందు రెండు యంత్రాలలోని ప్రోగ్రాము చిప్పుల మీది లేబుల్ సంఖ్యలను పోల్చి చూశాం. డేటోనాకు ఒకటి కంటే ఎక్కువ వెర్షన్లు ఉన్నాయి. సెగా వారి ఇంటి ఆటల యంత్రమైన శాటర్న్ ప్రకటనలు చూపే వెర్షన్ కూడా వాటిలో ఒకటి. వలయంలోని సీట్లన్నీ ఒకే వెర్షన్ మీద ఉంటేనే లోపం వచ్చినప్పుడు వెతకడానికి వీలుంటుంది. అదృష్టవశాత్తూ లేబుళ్ళు సరిపోయాయి.

ఆ తర్వాత ఒక్కొక్క ట్విన్‌నూ దాని సొంత రెండు సీట్ల వలయంతో విడిగా నడిపి, రెండూ నిలుస్తున్నాయని రుజువు చేసుకున్నాం. ఈ దశను దాటవేసి నేరుగా నాలుగు సీట్లనూ కలిపితే, తెగినప్పుడు అనుమానించవలసిన చోట్లు రెట్టింపవుతాయి. పిమ్మట ఒక్కొక్క ట్విన్‌లో తిరుగు కేబుల్‌ను తీసి, నా కుడి సీటు నుండి అతని ఎడమ సీటుకు ఒక కేబుల్, అతని కుడి సీటు నుండి నా ఎడమ సీటుకు మరొక కేబుల్ వేశాం. రెండవది రెండు క్యాబినెట్ల వెడల్పునూ దాటాలి కాబట్టి ఐదు మీటర్లది తీసుకున్నాం. కాళ్ళు తగలకుండా గోడ వారగా ప్లాస్టిక్ గొట్టంలో దాన్ని నడిపాం.

"అన్నా, నాది కూడా మాస్టర్‌గానే ఉంది, మార్చాలి కదా?" అని అతను అడిగాడు. మార్చాలి. అతని రెండు సీట్లనూ స్లేవ్‌లుగా చేసి, కారు సంఖ్యలు నాలుగూ వేరువేరుగా పెట్టి, నాలుగు సీట్లనూ ఒకే పవర్ స్ట్రిప్పు మీద కాకుండా రెండు వేరు సర్క్యూట్ల మీద ఉంచి ఒకేసారి ఆన్ చేశాం. నెట్‌వర్క్ చెకింగ్ సందేశం కనబడి, మాయమై, నాలుగు తెరలూ ఒకేసారి ఆటలోకి వచ్చాయి. ఎక్స్‌పర్ట్ కోర్సు అయిన సీసైడ్ స్ట్రీట్ గెలాక్సీలో నలుగురం కలిసి పరుగెత్తినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో పెట్టడం కష్టం. ఎదుటి కారు కంప్యూటరు నడిపేది కాదని, పక్క సీటులోని మనిషి నడిపేదని తెలిసినప్పుడే ఈ ఆట అసలు రూపం తెలుస్తుంది.

మధ్యాహ్నం ఒకసారి లింకు తెగింది. మాస్టర్ నుండి కాంతి దిశలో ఒక్కొక్క సీటు అందుకునే వైపునే చూసుకుంటూ వెళ్తే, అతని ఎడమ సీటు దగ్గర ప్లగ్గు సగమే లోపల ఉంది. సరిగా నొక్కి, కేబుల్ బరువు సాకెట్టు మీద పడకుండా దగ్గరలోనే వదులైన పట్టీతో ఆనించాం. ప్రతి కేబుల్ రెండు కొసలకూ అది ఎక్కడి నుండి బయలుదేరి ఎక్కడికి చేరుతుందో రాసిన చీటీ అంటించాం. తర్వాత సాయంత్రం వరకూ లింకు నిలిచింది.

ఏప్రిల్ చివర: మిగిలిన పని

నా దగ్గర విడి ఆప్టికల్ సాకెట్లు లేవు. టీఓఆర్ఎక్స్173, దాని జత అయిన టీఓటీఎక్స్173 తయారీ ఆగిపోయింది. పాత నిల్వల పేరుతో దొరికేవాటిలో అసలువి ఏవో, కానివి ఏవో చెప్పడం కష్టం. ఇప్పుడు తేలికగా దొరికే కొత్త సాకెట్లకు మూడు పిన్నులే ఉంటాయి, పాతవాటి పిన్నుల అమరిక వేరు. పంపే పాత సాకెట్టుకు కాంతి తీవ్రతను నిర్ణయించే ఒక బయటి రెసిస్టరు అవసరం కాగా, కొత్తవాటికి అది అక్కరలేదు. అందువల్ల పాత రంధ్రాలలో కూర్చొని, పైన కొత్త సాకెట్టును మోసే ఒక చిన్న మార్పిడి బోర్డును గీస్తున్నాను. ప్లగ్గు తోపు బలం ఈసారి పిన్నుల మీద పడకుండా, సాకెట్టును స్క్రూతో బోర్డుకు బిగించే చోటు కూడా అందులో పెడుతున్నాను. షీల్డ్ పెట్టె రంధ్రానికి సాకెట్టు మూతి సరిగ్గా ఎదురుగా రావాలంటే ఎత్తు ఎంత ఉండాలో కొలిచి నమూనాను అట్టతో కత్తిరించి చూశాను; సరిపోయింది. గీతలు పూర్తయిన వెంటనే తయారీకి పంపుతాను, బోర్డులు వచ్చాక ముందుగా ఎడమ సీటులో అమర్చి ఆసిలోస్కోపు మీద పాతదానితో పోల్చి చూస్తాను.